పదిహేడు నిలువు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో
మొయిన్ సాబ్ ప్రెస్సు మీద అద్దె గది నాది.
కింద మిషను ఆగాక
పైన నా లాప్‌టాప్ ఫ్యాను మొదలవుతుంది.

పందెం చిన్నదే.
పదకొండు అడ్డం, పదకొండు నిలువు,
నూట ఇరవై ఒక్క గళ్ళు.
నెలకోసారి ఆయన పెన్సిలుతో నింపే నుడికట్టుని
నా ప్రోగ్రాం నింపాలి.
నింపితే ఒక నెల అద్దె మాఫీ.

మొదటి దెబ్బ అక్షరం దగ్గరే తగిలింది.
"స్త్రీ" అని రాస్తే
నాకది ఒక గడి,
మిషనుకి ఆరు ముక్కలు:
స, ఒక పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం.
ఆరు గళ్ళలో పరిచేసింది నిర్దయగా.
ఆ ముక్కల్ని తిరిగి ఒక్క మనిషిని చేసేసరికి
ఆదివారం అయిపోయింది.

తర్వాత తిరుగుడు.
నలభై ఎనిమిది వేల మాటలు జేబులో పోసుకుని
ఒకటి అడ్డం నుంచి బయల్దేరుతుంది.
పెట్టి చూస్తుంది, కుదరదు, తీస్తుంది,
ఇంకోటి పెడుతుంది.
పదో గడి దాకా వెళ్ళి
తప్పు రెండో గడిలో ఉందని తెలీక
తొమ్మిదోదాన్నే పీకుతూ కూర్చుంటుంది.
నేనూ అంతే. ఆ సంగతి ఇక్కడొద్దు.

రాత్రి పదకొండుకి రన్ కొట్టాను.
నాలుగున్నరకి నల్లా వచ్చింది.
బిందె పెట్టొచ్చి చూస్తే
ఇంకా మూడు అడ్డంలోనే తచ్చాడుతోంది.
నేను దాన్ని చూస్తుంటే బిందె నిండి పొర్లి
మెట్ల మీదుగా ప్రెస్సు గడప దాకా పోయింది.

తడవని కాగితం రీములు ఎత్తిపెడుతూ అన్నాడు సాబ్:
"అన్ని మూలలు ఎందుకు తిరుగుతవ్ బేటా?
యాడ ఇరుకుంటే ఆడ ముందుగాల కూసో.
నడిమిట్ల 'ఢ' వచ్చే మాటలెన్ని? ఓ పది, ఇరవై.
గా పదిట్ల తేల్చుకో.
'క' గడికేం తొందర, అది యాడికన్న వస్తది."
సీసం అచ్చుల కాలంలో
కేసులో 'ఢ'లు నాలుగే ఉండేవట.
ఐదోది కావాల్సొస్తే
వాక్యమే మార్చమనేవాడట, రాసినాయన్ని.

తెల్లారి అంతా తిరగరాశాను.
ఏ గడికి దారులు తక్కువో దానిదే మొదటి వంతు.
ఒక మాట పెట్టగానే
దాన్ని కోసుకుపోయే నిలువులన్నింటినీ అడిగి రావాలి:
మీకింకా బతికున్న మాటుందా?
ఒక్కటి లేదన్నా అక్కడికక్కడే వెనక్కి.
ఓడిన చోటు రాసిపెట్టుకుని
మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు.

గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టకముందే,
మూడు సెకన్లలో, జవాబు:
"పూరించడం సాధ్యం కాదు."

మూడు సెకన్లు!
పాతది ఏడాదంతా తిరిగినా
చివరికి దొరికేది ఈ "కాదే".
దాన్ని ఇంత త్వరగా వినడానికి
రెండు ఆదివారాలు పోశాను.
గర్వపడాలో వద్దో తెలీక
ప్రింటు తీసుకుని కిందికి దిగాను.

సాబ్ కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి
చాలాసేపు చూశాడు.
పదిహేడు నిలువు మీద వేలు ఆగింది.
చెవి మీది పెన్సిలు తీసి
మూడో గడిని నల్లగా రుద్దాడు.
"అది రూల్లో లేదు సాబ్!"
"గళ్ళు గీసిందెవరు? నేనే గద."

మళ్ళీ కొట్టాను.
అర సెకను.
నూట ఇరవై ఒక్కట్లో ఖాళీ ఒక్కటి లేదు.

అద్దె సంగతి ఇద్దరం ఎత్తలేదు.
పైకొచ్చి ఒక వరుస చేర్చబోయాను:
అవసరమైతే ఒక గడిని నలుపు చెయ్యి.
ఏ గడిని? ఎవరి అవసరం?
కర్సరు కొట్టుకుంటూనే ఉంది.

కింద మిషను మొదలై
గది నేల సన్నగా వణికింది.
ఆ నెల సంచికలో
ఆ నల్ల గడికి సిరా కాస్త ఎక్కువ పట్టి
వెనక పేజీలోకి దిగింది,
వంటల శీర్షికలో
సరిగ్గా "తగినంత ఉప్పు" మీదికి.